ఐప్టేసియా మీదికి సిరంజి పట్టే ముందు

మే వచ్చిందంటే నెల్లూరు ఎండలకు, కరెంటు కోతలకు రీఫ్ ట్యాంకు (పగడాలు పెంచే ఉప్పునీటి అక్వేరియం) నీళ్లు వేడెక్కి పగడాలు నీరసపడతాయి. ట్యాంకులో కలుపులా పెరిగే ఐప్టేసియా అనే ఎనిమోన్‌కు (పువ్వులాంటి సముద్ర జీవి) ఆ పరిస్థితిలో మందు పెడితే పగడాలు తట్టుకోలేవు. అందుకే ఐప్టేసియా పని ఎండలు ముదరకముందే పట్టండి.

రాతి సందులోంచి లేచే లేత గోధుమరంగు కాడ, పైన గాజులాంటి సన్నటి తీగలు. నీడ పడితే చాలు, రెప్పపాటులో లోపలికి ముడుచుకుంటుంది. పక్కనున్న పగడాన్ని కుట్టి కుట్టి చంపేస్తుంది. లైవ్ రాక్‌తోనో (జీవులు అంటిపెట్టుకున్న సముద్రపు రాయి), కొత్త ఫ్రాగ్‌తోనో (పెంచడానికి తెచ్చే పగడపు ముక్క) ఇంట్లోకి వస్తుంది.

దయచేసి గీకొద్దు, పీకొద్దు. అడుగున చిన్న ముక్క మిగిలినా అదే ఇంకో ఎనిమోన్ అవుతుంది. రాయిని ఉడకబెట్టడం అసలే వద్దు. దాని మీద జోయాంథిడ్లు (పగడాల్లాంటి జీవులు) ఉంటే ఆవిరిలో పాలీటాక్సిన్ అనే విషం చేరుతుంది. అలా పీల్చి ఇంటిల్లిపాదీ ఆస్పత్రి పాలైన సందర్భాలున్నాయి.

కాల్షియం హైడ్రాక్సైడ్‌ను కొంచెం ఆర్ఓ నీళ్లతో చిక్కటి పేస్టులా కలపండి. రొయ్యల చెరువుకు చల్లే సున్నం ఇంట్లో ఉంది కదా అని అది వాడకండి, అందులో ఏం కలిసి ఉందో చెప్పలేం. చేతికి గ్లోవ్స్, కళ్లకు అద్దాలు తప్పనిసరి. పంపులన్నీ ఆపి, పేస్టు నింపిన సిరంజి సూదిని మెల్లగా ఐప్టేసియా నోటి పైకి తెచ్చి, తాకకుండా పేస్టు వదలండి. తిండి అనుకుని తీగలు దాన్ని లోపలికి లాక్కుంటాయి, కాసేపటికి కాడ కుంగిపోతుంది. పంపులు పావుగంట ఆగి వేయండి. చిన్న ట్యాంకులో ఒక పూటకు మూడు నాలుగు ఐప్టేసియాలకు పెడితే చాలు. ఎక్కువ పెడితే పీహెచ్ ఎగబాకుతుంది, 8.5 దగ్గరికి వస్తే ఆపేయండి.

ఐప్టేసియా చాలా ఎక్కువగా ఉంటే బెర్గియా అనే సముద్రపు నత్తలు మంచివి. అవి ఐప్టేసియా తప్ప ఇంకేమీ తినవు. పెప్పర్‌మింట్ రొయ్యలు కూడా తింటాయి గానీ, బెర్గియాను కూడా వదలవు కాబట్టి రెండూ కలిపి వేయకండి. ఈ రొయ్యలు కొనేటప్పుడు వీపు మీద గూను ఉందేమో చూడండి, ఉంటే అది క్యామెల్ రొయ్య, పగడాలను కొరుకుతుంది.

మన తీరంలో హ్యాచరీలున్నాయి గనుక ఆర్టీమియా (మేతగా వేసే బుల్లి ఉప్పునీటి జీవి) తేలిగ్గా దొరుకుతుంది. అలాగని గుప్పించకండి, మిగిలిన మేతంతా ఐప్టేసియాకే పోతుంది.

మార్చిన నీళ్లను బ్లీచింగ్ కలపకుండా కాలవలో పోయకండి. ట్యాంకు రొయ్యల్లోనూ రొయ్యలను చంపే తెల్లమచ్చల వైరస్ ఉండొచ్చు, ఆ కాలవ పక్కనే ఎవరి వనామీ రొయ్యల చెరువో ఉంటుంది.