సెల్లార్‌లో సామాను మీద పైపుల నీళ్ళు పడకుండా ఎలా కాపాడుకోవాలి?

నెల్లూరు, ఒంగోలు ఇళ్ళలో సెల్లార్ గాని మెట్ల కింద గది గాని ఉందంటే ఏడాదికి సరిపడా బియ్యం బస్తాలు, వేరుశనక్కాయలు, ఊరగాయ జాడీలు, శుభకార్యాలకు తీసే ఇత్తడి గుండిగలు అన్నీ అక్కడికే చేరతాయి. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా, తుపాన్ల రోజుల్లో, వీధి నీళ్ళు లోపలికి రాకుండా గుమ్మానికి ఇసుక బస్తాలు అడ్డం వేస్తాం. అదే గదిలో నెత్తిన వేలాడుతున్న బాత్రూం పైపును మాత్రం తలెత్తి చూడం. దాని కారుడుకు వానలతో పనిలేదు.

1. ముందు వాల్వు సంగతి చూడండి

పైపు పగిలిన రోజున నీళ్ళు ఎక్కడ కట్టాలో ఇంట్లో అందరికీ తెలిసి ఉండాలి. ట్యాంకు నుంచి కిందికి దిగే ప్రతి లైనుకూ ఒక వాల్వు, దాని మీద చెరగని రంగుతో ‘వంటిల్లు’, ‘పై బాత్రూం’ అన్న రాత ఉండాలి. మూడు నెలలకోసారి పూర్తిగా మూసి తెరవండి. కనిగిరి, పొదిలి వైపు బోరు నీళ్ళలో లవణాలు ఎక్కువ. కదపని గేటు వాల్వు ఉప్పు పేరుకుని బిగుసుకుపోతుంది. అప్పుడు పానాతో బలవంతం చేస్తే లోపలి కడ్డీ విరుగుతుంది, వాల్వు సగంలో ఆగిపోతుంది. బిగుసుకున్నదాన్ని తీసేసి, పావు తిప్పుతో మూసుకునే బాల్ వాల్వు పెట్టించండి.

2. కారేది ఏ లైను?

ఇది తేలకుండా ప్లంబరును పిలిస్తే టైల్స్ పగలగొట్టడంతో పని మొదలవుతుంది. అందుకే ఈ మెట్టుకు రెండు రోజులు కేటాయించండి.

మంచినీళ్ళ లైనులో ఎప్పుడూ ఒత్తిడి ఉంటుంది కాబట్టి రాత్రీ పగలూ కారుతుంది. మురుగు లైను వాడినప్పుడే కారుతుంది. రాత్రి పడుకునే ముందు మోటారు ఆపి, కుళాయిలన్నీ కట్టి, ట్యాంకులో నీటిమట్టం దగ్గర గుర్తు పెట్టండి. తెల్లవారాక కొలవండి. 110 సెంటీమీటర్ల అడ్డుకొలత ఉన్న గుండ్రటి ట్యాంకులో మట్టం 1 సెంటీమీటరు తగ్గిందంటే దాదాపు 9.5 లీటర్లు పోయినట్టు. ఫ్లష్ ట్యాంకు వల్ల కూడా మట్టం తగ్గవచ్చు. అందులో నాలుగు చుక్కల నీలిమందు వేసి అరగంట ఆగండి. ఫ్లష్ చేయకుండానే కమోడ్‌లో నీలం కనిపిస్తే ఆ నష్టం వాషరుది, సెల్లార్ పైపుది కాదు.

మట్టం తగ్గకపోయినా కింద చెమ్మ ఉంటే మురుగు లైను వైపు వెళ్ళండి. పై బాత్రూంలో నహానీ ట్రాప్ (నేల నీళ్ళు దిగే జాలీ కింది గిన్నె) నోటికి గుడ్డ చుట్టిన మూత బిగించి, నేల మీద ఒక అంగుళం నీళ్ళు 24 గంటలు నిలబెట్టండి. మూత ఉండగానే కింద స్లాబు తడిసిందంటే తప్పు టైల్స్ సందులది లేదా వాటి కింది వాటర్‌ప్రూఫింగ్‌ది. మూత తీసి నీళ్ళు వదిలాకే తడిస్తే ట్రాప్ దగ్గరో పైపు అతుకు దగ్గరో కారుతోంది.

3. మరమ్మతు

సీపీవీసీ పైపును (వేడినీళ్ళకూ తట్టుకునే ప్లాస్టిక్ పైపు) వంకర లేకుండా అడ్డంగా కోసి, అంచు పొట్టు గీకి, పూర్తిగా తుడిచి ఆరబెట్టాలి. పైపుకూ ఫిట్టింగుకూ రెండింటికీ సాల్వెంట్ (పైపులు అతికించే జిగురు) రాసి, పావు తిప్పు తిప్పుతూ లోపలికి నెట్టి, 30 సెకన్లు అలాగే పట్టుకోవాలి. 24 గంటలు ఆగి నీళ్ళు వదలడం క్షేమం. పీవీసీ సాల్వెంటును సీపీవీసీకి వాడితే అతుకు కొన్నాళ్ళకు ఊడుతుంది. తడి పైపు మీద ఎం-సీల్ (పిసికి అంటిస్తే గట్టిపడే మైనం లాంటిది) ముద్ద అద్దడమూ అంతే. అది ప్లంబరు వచ్చేదాకా నెట్టుకురావడానికే, అదీ లైను ఖాళీ చేసి ఆరబెట్టాక.

ఎక్కువగా పగిలేది ఇనుప నిపుల్‌ను (రెండు వైపులా మరలున్న పొట్టి పైపు ముక్క) ప్లాస్టిక్ మరలోకి బిగించిన చోట. బిగించిన కొద్దీ ప్లాస్టిక్ నోరు విచ్చుకుంటుంది. అక్కడ ఇత్తడి మర ఉన్న ఫిట్టింగే వాడండి, టెఫ్లాన్ టేపు 8 నుంచి 10 చుట్లు మర తిరిగే దిశలో చుట్టండి. యాంగిల్ కాక్ (గోడ దగ్గర ఉండే చిన్న వాల్వు) నట్టు చుట్టూ తెల్లటి పొక్కు కనిపించిందంటే అక్కడ సన్నగా కారి ఆరిపోతోందని అర్థం.

స్లాబు కింద వేలాడే మురుగు పైపుకు మూడడుగులకొక క్లాంపు, నాలుగడుగులకు ఒక అంగుళం వాటం ఉండాలి. క్లాంపులు తక్కువైతే పైపు నడుమ జారుతుంది, నీళ్ళు అక్కడే నిలుస్తాయి, అతుకు విడుతుంది. సముద్రం దగ్గరి ఊళ్ళలో ఇనుప క్లాంపులు ఉప్పుగాలికి తుప్పుపట్టి తెగుతాయి. అక్కడ ప్లాస్టిక్‌వి మేలు.

4. అతుకుల కింద దోనె కట్టండి

సెల్లార్ గోడలకు ఖరీదైన వాటర్‌ప్రూఫ్ రంగు వేసేకంటే ఈ పని చవక, ఉపయోగం ఎక్కువ. విడిగా ఒక 4 అంగుళాల మురుగు పైపు ముక్క తెచ్చి నిలువునా రెండుగా కోయండి. ఆ దోనెను అనుమానం ఉన్న అతుకుల కింద, కొంచెం వాటంగా, కట్టుతీగతో వేలాడదీయండి. చివర ఒక బకెట్టు పెట్టండి. దోనెను నేరుగా కాలువలోకి మళ్ళించకండి. బకెట్టులో నీళ్ళు కనిపిస్తేనే కదా కారుతోందని తెలిసేది.

5. సామాను సర్దడం

పైపులకు సరిగ్గా కింద ఏదీ పెట్టకండి. తప్పనప్పుడు స్టీలు గుండిగలు, కుర్చీల్లాంటివే ఉంచండి. నేల మీద రెండు వరుసల ఇటుకలు పేర్చి, పైన కడప బండలు పరిచి, వాటి మీద బస్తాలు వేయండి. గోడకు ఒక అడుగు వదలాలి. గోనె సంచి దీపం వత్తిలా నీటిని పైకి పీలుస్తుంది. అడుగున నాలుగు వేళ్ళ నీళ్ళు నిలిచినా బస్తా అంతకంటే పైదాకా తడుస్తుంది. ధాన్యం తేమ 14 శాతం లోపు ఉంటేనే నిల్వకు ఎత్తండి. పట్టాదారు పాసు పుస్తకాలు, దస్తావేజులు ఈ గదిలో అసలు వద్దు.

6. అలారం

ట్యాంకు నిండితే మోగే బ్యాటరీ అలారం ఎలక్ట్రికల్ షాపుల్లో దొరుకుతుంది. దాని రెండు తీగల కొసలను నేల మీద, వాటం దిగే మూలన, ఒకదానికొకటి తగలకుండా అర అంగుళం ఎడంగా అంటించండి. పలచటి నీటి పొర చేరినా మోగుతుంది. కొసలు చిలుము పట్టకుండా నెలకోసారి గీకి, తడిగుడ్డ తగిలించి చూడండి.

7. తడిస్తే

ముందు మెయిన్ స్విచ్ ఆపండి. స్విచ్ బోర్డు పొడిగా ఉండి, మీరు నీళ్ళలో నిలబడకుండా చేరగలిగితేనే. నీళ్ళు ఎక్కడివో చూడండి. మురుగు నీళ్ళు తగిలిన గింజలు పారేయాల్సిందే. మంచినీళ్ళకు తడిసిన ధాన్యాన్ని అదే రోజు బస్తాల నుంచి తీసి పలచగా ఆరబోయండి. కుప్పగా ఉంటే వేడెక్కి రంగు మారుతుంది. బూజు పట్టిన వేరుశనక్కాయలను ఏరుకుని తినకండి, పశువులకూ పెట్టకండి. బూజులోని అఫ్లాటాక్సిన్ విషం వేపినా పూర్తిగా పోదు, గేదె తింటే పాలలోకి వస్తుంది.