స్కాన్ రిపోర్టు చదవడం, మూడవ పాఠం: అడినోమయోసిస్ గుర్తులు

గత పాఠంలోని అభ్యాసాన్ని చేసినవారిలో చాలామంది, నమూనా రిపోర్టులో 'బల్కీ యుటరస్' అన్న మాట కనిపించగానే దాని పక్కన అడినోమయోసిస్ (గర్భాశయపు లోపలి పొర గ్రంథులు దాని కండరంలోకి చేరే జబ్బు) అని రాసి ఊరుకున్నారు. అందువల్ల ఈసారి చెప్పదలచిన చికిత్సల సంగతిని వాయిదా వేసి, ముందు ఈ పొరపాటు సంగతి తేల్చుకుందాం.

గర్భాశయం మామూలు కంటే పెద్దదిగా ఉందని తప్ప ఆ మాట మరేమీ చెప్పదు. కాన్పులైన స్త్రీలలో గర్భాశయం సహజంగానే కొంత పెద్దదిగా ఉంటుంది. కండరంలో పెరిగే ఫైబ్రాయిడ్ గడ్డలున్నా పెరుగుతుంది. అడినోమయోసిస్ ఉన్నా పెరుగుతుంది. ఆ ఒక్క మాటను పట్టుకొని తనకు జబ్బుందని నిశ్చయించుకొని, గర్భాశయం తీయించుకోవాలేమోనని నిద్ర మానుకునే స్త్రీలున్నారు కనుకనే ఇంత పట్టుబట్టి చెబుతున్నాను.

అడినోమయోసిస్‌లో లోపలి పొరకు చెందిన గ్రంథులు కండరంలోకి చేరడం మొదటి పాఠంలో చూశాం. గోడలోకి చెమ్మ దిగినట్లు అవి వ్యాపిస్తాయి కాబట్టి ఆ భాగానికి స్పష్టమైన అంచు ఉండదు. ఫైబ్రాయిడ్‌కు సాధారణంగా గుండ్రని అంచు ఉంటుంది, రక్తప్రవాహాన్ని చూపే డాప్లర్ స్కాన్‌లో రక్తనాళాలు దాని చుట్టూ కనిపిస్తాయి. అడినోమయోసిస్‌లో అవి ఆ భాగం గుండానే సాగుతాయి. రెండూ ఒకే గర్భాశయంలో ఉండవచ్చు గనుక ఒకటి దొరికిందని చదవడం ఆపకండి.

కండరంలో చిన్న సిస్టులు (ద్రవం నిండిన తిత్తులు), తెల్లగా మెరిసే దీవుల వంటి మచ్చలు, లోపలి పొర నుంచి కండరంలోకి దిగే తెల్లని గీతలు అన్నవి ప్రత్యక్ష గుర్తులని గర్భాశయ కండరపు స్కాన్‌ను వర్ణించడానికి నిపుణులు పెట్టుకున్న, 2022లో సవరించిన 'మూసా' ప్రమాణాలు చెబుతున్నాయి. ముందు గోడ, వెనుక గోడ మందాల్లో తేడా, విసనకర్ర ఆకారపు నీడలు పరోక్ష గుర్తులు. ఎమ్మారై రిపోర్టులో అయితే జంక్షనల్ జోన్ (లోపలి పొరను ఆనుకొని ఉండే కండరపు పొర) మందం 12 మి.మీ. లేదా అంతకు మించి ఉందా అని చూడండి. నెలసరి దశను బట్టి, గర్భాశయం సంకోచించినప్పుడు ఆ కొలత మారుతుంది కాబట్టి అదొక్కటే చాలదు.

నేనెప్పుడూ రిపోర్టు చివరనున్న 'ఇంప్రెషన్' భాగాన్ని, అంటే స్కాన్ డాక్టరు తేల్చిన సారాంశాన్ని, కాగితంతో కప్పి, పై వివరణ అంతా చదివాకే దాన్ని తెరుస్తాను. మీరూ అలాగే చేయండి.

అభ్యాసం: మీ పాత రిపోర్టులన్నీ తేదీల వరుసలో పెట్టి, ప్రతి దానిలో ప్రత్యక్ష, పరోక్ష గుర్తులను విడివిడిగా రాయండి. వరుసగా మూడు నెలసరుల్లో రోజుకెన్ని ప్యాడ్లు మార్చారో, రక్తపు గడ్డలు పడ్డాయో లేదో, నొప్పి ఏ రోజున మొదలైందో నమోదు చేసి, రెండు కాగితాలనూ కలిపి డాక్టరుకు చూపండి. ఈ జబ్బున్న వారిలో సుమారు మూడోవంతు మందికి ఏ బాధా ఉండదు. అందుచేత మీ బాధల పట్టిక లేకుండా రిపోర్టు ఒక్కదానితో చికిత్స నిర్ణయించడం కష్టం. గంటకొక ప్యాడ్ తడిసిపోతూ రెండు గంటలు దాటినా, కళ్లు తిరుగుతున్నా, పట్టిక పూర్తయ్యేదాకా ఆగకుండా వెంటనే ఆసుపత్రికి వెళ్లండి.