వడ్ల సీజన్ దిగేలోపు కాంటా పేజీ కోడ్ ఒకసారి తెరిచి చూడండి

మిర్యాలగూడ వైపు ఒక మిల్లులో మొన్న కాంటా దగ్గరి పాత కంప్యూటర్ కాలిపోయింది. కొత్తది తెచ్చి అదే ప్రోగ్రాం, అంటే క్రోమ్ బ్రౌజర్‌లో తెరిచే తూకం పేజీ, ఎక్కించారు. స్క్రీన్ మీద బరువు కనబడుతోంది, చిట్టీ ప్రింటవుతోంది. సాయంత్రం లెక్క తీస్తే సేవ్ అయిన వరుసలన్నీ ఖాళీ. ఒక్క ఎర్రర్ రాలేదు.

బ్యాకప్, ఇన్వర్టర్ గురించి మీకు చెప్పక్కర్లేదు. నేను చెప్పేది ఒక్కటే: ఎలిమెంట్‌ను (పేజీలో బరువు, తేమ కొట్టే గడి లాంటిది) మామూలు డేటా ఆబ్జెక్ట్ అనుకుని మొత్తంగా కాపీ చేయకండి.

ఎందుకంటే పాత కంప్యూటర్‌లో క్రోమ్ అప్‌డేట్లు ఎప్పుడో ఆపేశారు. ఆ కాలపు క్రోమ్‌లో వాల్యూ, టైప్, ఐడీ లాంటివి ఎలిమెంట్‌కు సొంత ప్రాపర్టీలు, అంటే నేరుగా దాని మీదే ఉండే విలువలు. బ్రౌజర్లు పాటించాల్సిన వెబ్ ఐడీఎల్ ప్రమాణం ప్రకారం అవి ప్రోటోటైప్ (ఒకే రకం ఎలిమెంట్లన్నీ పంచుకునే మూల ఆబ్జెక్ట్) మీద గెట్టర్, సెట్టర్‌గా (విలువ చదివే, రాసే ఫంక్షన్లుగా) ఉండాలి. ఫైర్‌ఫాక్స్, ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ ముందునుంచే అట్లా ఉన్నాయి. క్రోమ్ 2015లో 43వ వెర్షన్‌తో ఆ దారికొచ్చింది. వాల్యూ ఏంటని అడిగితే అప్పుడూ చెప్పేది, ఇప్పుడూ చెబుతుంది. అది నీ సొంతమేనా అని హ్యాజ్‌ఓన్‌ప్రాపర్టీతో అడిగితే మాత్రం ఇప్పుడు కాదంటుంది. ఆ మిల్లు కోడ్ సరిగ్గా అదే అడిగి, అవునన్న వాటినే ఏరి సేవ్ చేసేది.

ఖాళీ వరుస కన్నా నాకు ఎక్కువ టెన్షన్ తేమ శాతంతో. విలువ అన్‌డిఫైన్డ్ (అసలు లేనిది) అయినప్పుడు "17 కన్నా ఎక్కువా" అని పోలిస్తే జావాస్క్రిప్ట్ ఫాల్స్ ఇస్తుంది. పచ్చి వడ్లు కూడా ఎర్ర గుర్తు లేకుండా దాటిపోతాయి.

మళ్లీ చెబుతున్నా, ఎలిమెంట్‌ను మొత్తంగా కాపీ చేయకండి. బండి నంబరు, బరువు, తేమ, ఏది కావాలో దాని వాల్యూ పేరు పెట్టి తీసుకోండి.

- ఆబ్జెక్ట్ అసైన్, మూడు చుక్కల స్ప్రెడ్ (రెండూ కాపీకి), ఆబ్జెక్ట్ కీస్ (పేర్ల జాబితాకి): ఇవన్నీ సొంత ప్రాపర్టీలనే చూస్తాయి. ఎలిమెంట్ మీద వాడొద్దు.
- ఆబ్జెక్ట్‌ను టెక్స్ట్‌గా మార్చే జేసన్ స్ట్రింగిఫైకి ఈవెంట్ (క్లిక్ లాంటి ఘటన వివరాల ఆబ్జెక్ట్) ఇస్తే ఈజ్‌ట్రస్టెడ్ (ఘటన నిజంగా యూజర్ చేసిందేనా అనే గుర్తు) ఒక్కటే మిగులుతుంది. అది కనబడగానే డేటా వచ్చిందని మురిసిపోకండి.
- గెట్‌అట్రిబ్యూట్‌తో సరిచేద్దామనుకోవద్దు. పేజీలో ముందే రాసిపెట్టిన విలువ వస్తుంది, ఆపరేటర్ ఇప్పుడు కొట్టింది రాదు.
- స్ట్రిక్ట్ మోడ్‌లో (తప్పులను వదలని జావాస్క్రిప్ట్ పద్ధతిలో) ఆఫ్‌సెట్‌విడ్త్ (ఎలిమెంట్ వెడల్పు) లాంటి చదవడానికే ఉన్న ప్రాపర్టీకి విలువ రాసే లైన్లు తీసేయండి. ఒకప్పుడు గమ్మునుండేవి, ఇప్పుడు టైప్‌ఎర్రర్‌తో కోడ్‌ను అక్కడే ఆపేస్తాయి.
- ఖాళీ బరువుతో వచ్చిన వరుసను సర్వర్ తీసుకోకూడదు.
- కోడ్ మొత్తంలో హ్యాజ్‌ఓన్‌ప్రాపర్టీ అని వెతకండి. ఈరోజే.
- అప్‌డేట్లు ఆపి గండం గడిపేద్దామంటే కుదరదు. మెషిన్ కాలిన రోజు ఏం చేస్తారు?
- ఎలిమెంట్‌ను మొత్తంగా కాపీ చేయొద్దు. మూడోసారి చెబుతున్నా.
- కొత్త మెషిన్‌లో ఒక ఉత్తుత్తి బండి తూకం వేసి, చిట్టీ కాదు, డేటాబేస్‌లో పడిన వరుస తెరిచి చూడండి. గేటు బయట ట్రాక్టర్లు లైన్ కట్టాక దీనికి టైం దొరకదు.