కొబ్బరాకుతో సమోవా విసనకర్ర అల్లడం ఎలా?

పసిఫిక్ సముద్రంలోని ద్వీపదేశం సమోవాలో విసనకర్రను ఇలి అంటారు. మొగలాకుతో అల్లినవి నాజూగ్గా ఉంటాయి, ఏళ్ళ తరబడి వస్తాయి. కానీ ముళ్ళు తీయాలి, ఎండబెట్టాలి, సన్నగా చీల్చుకోవాలి. మొదటిసారి చేసేవాళ్ళకి కొబ్బరాకే నయం. పెళ్ళి పందిరికి మట్టలు అల్లిన చేతికైతే ఇది చిటికెలో పని.

పచ్చి మట్ట తీసుకోండి. మరీ లేతాకు ఎండితే ముడుచుకుపోతుంది, ముదురాకు మడతలో విరుగుతుంది. మట్ట నడిమి భాగంలో, ఒకే పక్కన వరసగా పది ఆకులు వచ్చేలా ముక్క నరకండి. ఆకులు ఊడకుండా ఆ అంచును చిటికెనవేలంత బద్దగా చీల్చుకోండి. ఈనెలు తీసేయకండి. విసనకర్ర వాలిపోకుండా నిలబడేది వాటివల్లే.

బద్దను అవతలికి, ఆకుల కొసలను మీవైపుకి పెట్టుకుని నేలమీద పరవండి. ఆకులన్నీ ఒకే పక్కకి వాలతాయి. ఒకటి విడిచి ఒకటి, అంటే అయిదు ఆకుల్ని, ఎదురు పక్కకి తిప్పండి. మొదట్లో కాస్త మెలిపడినా పర్లేదు. ఇక చాప అల్లికే: ఒకదాని మీదుగా, పక్కదాని కిందుగా.

చిక్కంతా అంచు దగ్గరే. అంచుకు వచ్చిన ఆకును వెనక్కి మడిచి మళ్ళీ లోపలికి నడపాలి. గోటితో నొక్కితే పగులుతుంది, బొటనవేలితో మెల్లగా వంచండి. రెండు వరసలకోసారి అల్లికను బద్దవైపు తోసి బిగించండి. నేను మొదట చేసినదాన్ని బిగించలేదు. అల్లినప్పుడు బాగానే ఉంది, ఎండాక గళ్ళలోంచి అవతలి గోడ కనిపించింది!

కొబ్బరాకు కొసకి సన్నబడుతుంది కాబట్టి అల్లిక కూడా దానంతటదే సన్నబడుతుంది. జానెడు అల్లాక మిగిలిన కొసల్ని మూడు పాయలుగా చేసి గట్టిగా జడ వేయండి. అదే పిడి. చివర ఆకు చీలికతో చుట్టి ముడేసి, పొట్టి కొసల్ని లోపలికి దోపేయండి.

పసిఫిక్‌లోనే ఉన్న మార్కెసాస్ దీవుల్లో ఒకప్పుడు విసనకర్ర పిడికే పెద్ద మర్యాద. అక్కడ విసనకర్ర నాయకుల హోదాకి గుర్తుగా ఉండేది. చెక్కతోనో ఎముకతోనో పిడి చేసి, దానిమీద బొమ్మలు చెక్కేవాళ్ళు. అల్లికకు పగడపు సున్నం పట్టించి తెల్లగా చేసేవాళ్ళు. మనకి జడ చాలు.

పైన బరువు పెట్టి నీడలో రెండు మూడు రోజులు ఆరనివ్వండి. ఎండలో పెడితే వంకర తిరుగుతుంది. పచ్చదనం పోయి గడ్డిరంగు వస్తుంటే తీసి వాడుకోవచ్చు.