వేరే కంపెనీ పెయింట్‌లో అదే బూడిద పచ్చ రావాలంటే

కింద హాలుకు వేసింది ఒక కంపెనీ పెయింట్. పైన కొత్తగా కట్టిన గదికి మేస్త్రి వేస్తానంటున్నది ఇంకో కంపెనీది. రంగులో మాత్రం తేడా రాకూడదు. తిరుపతిలో నేను పనిచేసే పెయింట్ షాపుకు ఈ సమస్యతో చాలామంది వస్తారు. వాళ్లలో ఎక్కువ టెన్షన్ పడేది బూడిద కలిసిన పచ్చ వేసుకున్నవాళ్లే. దాన్ని సేజ్ గ్రీన్ అని కొందరంటారు, మాసిన పిస్తా అని కొందరు, ఎండిన వేపాకు రంగని ఇంకొందరు. రంగులు కలిపే టింటింగ్ మిషన్ దగ్గర ఉండేది నేనే కాబట్టి, ఈ పని షాపులో ఎలా చేయించుకోవాలో వివరంగా రాస్తున్నాను.

ముదురు మెరూన్‌లోనో నేవీ బ్లూలోనో కొంచెం తేడా వచ్చినా కంటికి పెద్దగా ఆనదు. బూడిదకు దగ్గరగా ఉండే రంగులు అలా కాదు. పసుపు కాస్త ఎక్కువైతే గోరింటాకు వైపు పోతుంది, నీలం ఎక్కువైతే ఆస్పత్రి గోడ గుర్తొస్తుంది. అందుకే ఈ రంగుకు "దగ్గర దగ్గరగా ఉంది కదా, వేసేద్దాం" అనే మాట పనికిరాదు.

షేడ్ పేరు, కోడ్ పట్టుకుని వేరే కంపెనీ షాపుకు వెళ్లి లాభం లేదు. ఏషియన్ పెయింట్స్ నాలుగంకెల కోడ్ బెర్జర్‌లో గానీ నెరోలాక్‌లో గానీ అదే రంగు ఇవ్వదు. కొన్ని షాపుల సాఫ్ట్‌వేర్‌లో పోటీ కంపెనీల షేడ్లకు కూడా ఫార్ములా దొరుకుతుంది. దాన్ని మొదటి శాంపిల్‌కు వాడుకోవచ్చు, నేరుగా 20 లీటర్ల బకెట్ మాత్రం కలిపించకండి. పెయింట్ రంగుల భారత ప్రమాణం ఐఎస్ 5లోని 219 నంబరు సేజ్ గ్రీన్, యూరప్‌లో వాడే ఆర్ఏఎల్ పట్టికలోని 6021 లాంటివి ఏ కంపెనీకీ చెందని ప్రామాణిక రంగులు. మీ గోడకు అలాంటిదే ఎంచుకుని ఉంటే పని సులువు. ఇళ్లకు వేసేవి చాలావరకు అలాంటివి కావు.

పాత డబ్బా మూత మీద ఫార్ములా స్టిక్కర్ ఉంటే దాన్ని తప్పకుండా తెండి. అందులోని మిల్లీలీటర్ల లెక్క వేరే కంపెనీ మిషన్‌లో పనిచేయదు. రంగు కోసం మిషన్ వదిలే చిక్కటి ద్రవమే కలరెంట్, అది కలపకముందు ఉండే పెయింట్ బేస్. ఒక్కో కంపెనీ కలరెంట్ గాఢత వేరు, బేస్‌లో ఉండే తెల్ల టైటానియం డయాక్సైడ్ మోతాదు వేరు. కానీ నాకు కావలసింది ఆ లెక్క కాదు, ఏయే కలరెంట్లు వాడారన్నది. బూడిద పచ్చ చాలా దారుల్లో వస్తుంది. థాలో గ్రీన్ అనే పచ్చ కలరెంట్‌లో ఎల్లో ఆక్సైడ్ అనే పసుపు, నలుపు కలిపితే వస్తుంది. నలుపు తగ్గించి రెడ్ ఆక్సైడ్ వేసినా వస్తుంది, ఎందుకంటే ఎరుపు పచ్చదనాన్ని చంపుతుంది. అసలు పచ్చ కలరెంట్ లేకుండా పసుపులో నలుపు కలిపినా ఒక రకం పచ్చ పుడుతుంది. పగటి వెలుతురులో ఇవన్నీ ఒకేలా కనిపించినా రాత్రి లైట్ వేయగానే విడిపోవచ్చు. దీన్ని మెటామెరిజం అంటారు. పాత రంగును ఏ కలరెంట్లతో చేశారో, కొత్తదాన్నీ అదే జాతి కలరెంట్లతో చేస్తే ఈ బాధ చాలా తగ్గుతుంది. స్టిక్కర్ మీది పొట్టి అక్షరాలు ఏ కలరెంట్‌వో ఆ కంపెనీ డీలర్‌ని అడిగితే చెప్తారు.

ఇక నమూనా సంగతి. తిరుచానూరు నుంచి వచ్చిన ఒక పెద్దాయన ఫోన్ తెరిచి, "ఫోటో ఉండాది గదమ్మా, దీన్ని చూసి కలిపేయ్" అన్నారు. "ఫోన్‌లో రంగు వేరు, గోడ మీది రంగు వేరు సార్. చిన్న పెచ్చు తెండి" అని పంపించాను. ఫోన్ కెమెరా వెలుతురును బట్టి రంగును తనంతట తాను సర్దేస్తుంది. ఒకే గోడను పొద్దున ఒకసారి, రాత్రి ఒకసారి ఫోటో తీసి చూడండి, మీకే తెలుస్తుంది.

పెచ్చు ఎక్కడ తీయాలన్నది కూడా ముఖ్యమే. కిటికీ పక్కన ఎండకు రంగు వెలిసి ఉంటుంది. పూజ గదిలో దీపం మసి, అగరుబత్తి పొగ పట్టి ఉంటాయి. వంటింట్లో తాలింపు జిడ్డు. బీరువా వెనకో, పెద్ద క్యాలెండర్ కిందో అయితే అసలు రంగు మిగిలి ఉంటుంది. అయితే ఒక చిక్కుంది. కొత్త రంగు వెలిసిన గోడ పక్కనే పడబోతుంటే, వెలిసిన చోటే పెచ్చు తీయాలి. అది కలవాల్సింది ఇప్పుడు కనిపిస్తున్న గోడతో కదా! ముందు తడిగుడ్డతో తుడిచి, పూర్తిగా ఆరనిచ్చి, బ్లేడుతో రెండంగుళాల చదరం గీసి లప్పంతో సహా లేపండి. విరిగిపోకుండా అట్టల మధ్య పెట్టి తెండి. డబ్బా అడుగున పాత పెయింట్ మిగిలి ఉంటే ఇంకా మంచిది. అడుగు దాకా బాగా కలిపి, తెల్ల అట్ట మీద రెండు కోట్లు వేసి, రాత్రంతా ఆరనిచ్చి ఆ అట్ట తెండి.

షాపులో దాన్ని రంగును కొలిచే స్పెక్ట్రోఫోటోమీటర్ కింద పెడతాం. పెచ్చు మీద మూడు నాలుగు చోట్ల రీడింగ్ తీయమని అడగండి, ఒక్కటి చాలదు. ఫార్ములాతో పాటు డెల్టా ఈ అని ఒక అంకె వస్తుంది. అసలు రంగుకూ రాబోయే రంగుకూ మధ్య దూరం అది. 1 లోపు ఉంటే చాలామంది కళ్లకు తెలియదంటారు. ఈ బూడిద పచ్చకు మాత్రం నేను 0.5కు దగ్గరగా వచ్చేదాకా వదలను. ఆ అంకె ఒక్కటే చూసి ఊరుకోకండి, తేడా ఎటువైపు ఉందో కూడా అడగండి. ఎల్ అంటే వెలుగు, ఏ అంటే పచ్చ-ఎరుపు, బి అంటే నీలం-పసుపు. తేడా ఎల్‌లో ఉంటే గది నీడలో కలిసిపోతుంది. ఏలో గానీ బిలో గానీ ఉంటే గోడ నిండా పరుచుకున్నాక దాచలేం. చాలా సాఫ్ట్‌వేర్లు ఒకే రంగుకు రెండు మూడు ఫార్ములాలు చూపిస్తాయి. పగటి వెలుతురులోనూ ఇంటి లైటు కిందా తేడా తక్కువ చూపించేదాన్ని ఎంచుకోమనండి, చవకైనదాన్ని కాదు.

శాంపిల్ 1 లీటరుకు తక్కువ వద్దంటాను. లీటరుకు 0.6 మి.లీ. నలుపు పడే ఫార్ములా అనుకోండి. 200 మి.లీ. డబ్బాకు అది 0.12 మి.లీ. అవుతుంది. అంత చిన్న చుక్కను మిషన్ ప్రతిసారీ కచ్చితంగా వదలడం కష్టం. శాంపిల్ బాగుండి బకెట్ తేడా రావడానికి ఇదొక కారణం.

తడి మీద రంగు చూసి తీర్పు చెప్పొద్దు. ఎమల్షన్ తడిగా ఉన్నప్పుడు లేతగా, పాలు కలిసినట్టు ఉంటుంది, ఆరాక ముదురుతుంది. అట్ట మీద రెండు కోట్లు వేసి, ఒక రోజు ఆగి, అంచుల్లో తెల్ల చారలు మిగలకుండా కత్తిరించి, పాత గోడకు ఆనించి పట్టుకోండి. మధ్యలో తెలుపు కనిపిస్తే కన్ను మోసపోతుంది. పొద్దున, మిట్టమధ్యాహ్నం, రాత్రి లైట్ కింద చూడండి. 6500 కెల్విన్ తెల్ల ఎల్ఈడీ కింద కలిసిన రంగు 3000 కెల్విన్ పసుపు బల్బు కింద విడిపోవచ్చు. తిరుపతిలో కొర్లగుంట లాంటి చోట్ల ఇళ్లు దగ్గర దగ్గరగా ఉంటాయి. ఎదురింటి గోడ నారింజ రంగుదైతే ఆ వెలుగు మీ గదిలోకి కొడుతుంది. ఎర్ర ఆక్సైడ్ గచ్చు ఉన్నా అంతే. అందుకే అట్టను షాపు బయట ఎండలో కాకుండా, రంగు పడబోయే గదిలోనే చూడాలి.

తేడా ఉంటే సవరించొచ్చు, కానీ కలరెంట్ వేయగలమే తప్ప తీయలేం. మరీ పచ్చగా మెరుస్తుంటే రెడ్ ఆక్సైడ్ చుక్క. రంగు సరిగ్గా ఉండి లేతగా ఉంటే నలుపుతో జాగ్రత్త, అది బూడిదనూ పెంచుతుంది. ముదిరిపోతే అదే పెయింట్ తెల్ల బేస్ కలపాలి. ఏం కలిపినా స్టిక్కర్ మీద రాయించుకోండి, లేకపోతే రెండో డబ్బాకు ఆ రంగు రాదు.

మెరుపు కూడా కలవాలి. పాతది మెరుపు లేని మ్యాట్ అయితే కొత్తదీ మ్యాటే. షీన్, అంటే మెరుపు, ఉన్న పెయింట్‌లో అదే రంగు పక్క నుంచి చూస్తే వేరుగా కనిపిస్తుంది, దాన్ని ఏ మిషన్ రీడింగూ సరిచేయదు. కొత్త లప్పం గోడకు ప్రైమర్ మానేస్తే పెయింట్‌ను మచ్చలు మచ్చలుగా పీల్చేస్తుంది, అప్పుడు తప్పు రంగు మీదికి వస్తుంది.

గదికి ఎంత పడుతుందో ముందే లెక్కేసి మొత్తం ఒకేసారి కలిపించండి. ఇంటికి తెచ్చాక డబ్బాలన్నీ ఒక డ్రమ్ములో పోసి కలపమని మేస్త్రికి చెప్పండి. "ఏం కాదులేమ్మా, అన్నీ ఒకే మిషన్‌లో తీసినవే" అంటాడు. అయినా కలిపించండి. పాత రంగూ కొత్త రంగూ కలిసే చోటు గోడ మధ్యలో కాకుండా మూలలో పెట్టుకోండి. రెండు గోడల మీద వెలుతురు ఎలాగూ వేరుగా పడుతుంది, చిన్న తేడా ఉన్నా అందులో కలిసిపోతుంది. టచప్ అయినా సరే, మచ్చ మీద మాత్రమే కాకుండా ఈ మూల నుంచి ఆ మూల దాకా గోడంతా వేయించండి. అంచులకు బ్రష్ బదులు చిన్న రోలర్ వాడితే చుట్టూ ముదురు గీత కనిపించదు.