నీట్ బయాలజీ మార్కులు కదలకపోతే పుస్తకాలు ఎలా తగ్గించాలి (నా అనుభవం)

బల్ల మీద ఆరు పుస్తకాలున్నా బయాలజీ 360కి 270 దగ్గరే ఆగిపోయింది. లావుపాటి గైడు, కోచింగ్ మెటీరియల్, వీడియో క్లాసులు, ఏవీ కదిలించలేదు.

పనిచేసింది ఇది. ముందు జాతీయ వైద్య కమిషన్ (ఎన్‌ఎంసీ) ఇచ్చిన నీట్ సిలబస్ ప్రింటు తీసి, ఎన్‌సీఈఆర్‌టీ 11, 12 పుస్తకాల విషయసూచికతో పోల్చి టిక్కు పెట్టాను. విజయవాడ లెనిన్ సెంటర్‌లో పాత పుస్తకాలు కొనేవాళ్లకు ఇక్కడే జాగ్రత్త: పాత ముద్రణలో ఉన్న ‘మొక్కల్లో రవాణా’, ‘ఖనిజ పోషణ’, ‘జీర్ణక్రియ, శోషణ’ పాఠాలు ఇప్పటి పుస్తకంలో లేవు.

తర్వాత మూడు పాత పేపర్లు టైం పెట్టి రాశాను. తప్పిన ప్రతి ప్రశ్నకూ జవాబున్న వాక్యాన్ని ఎన్‌సీఈఆర్‌టీలోనే వెతికి, మార్జిన్‌లో పెన్సిల్‌తో సంవత్సరం, ప్రశ్న నంబరు వేశాను. దొరికిందంటే లోపం చదవడంలోదే, పుస్తకంలోది కాదు. గుర్తులు ఎక్కువగా పడింది బొమ్మల పక్కనే: మొక్కల అండం (ఓవ్యూల్) బొమ్మలో ఫ్యునికిల్, హైలం లాంటి భాగాల పేర్లు చాలామంది చదవకుండా దాటేస్తారు. దొరకనివాటికే రెండో పుస్తకం, అదీ ఆ పాఠం వరకే.

తెలుగు మీడియం వాళ్లు తెలుగు పదం పక్కన ఇంగ్లిష్ పదం రాసుకోండి. అనువాదంలో తేడా వస్తే ఇంగ్లిష్ ప్రశ్నే ప్రామాణికం. జెనెటిక్స్ లెక్కలకు మాత్రం ఈ పద్ధతి చాలదు, విడిగా ప్రాక్టీసు కావాలి. పునాదే లేనివాళ్లకు ఇది ఎంత పనిచేస్తుందో చెప్పలేను.