సగం ధర వైన్ సీసా: ధర ఎందుకు తగ్గిందో కనిపెట్టడం ఎలా

"వదినా, ఫ్రెంచి వైట్ వైన్, 60 శాతం తగ్గింపు, రెండే సీసాలు మిగిలాయట. తీసుకోనా?" బెంగళూరు మారతహళ్ళిలో ఉండే మా మరిది ఒక సాయంత్రం ఫోటోతో పాటు పంపిన సందేశం ఇది. ఫోటోలో ధర పెద్ద అంకెలతో ఉంది. సీసా మీది సంవత్సరం మాత్రం ఎక్కడా కనిపించలేదు. ముందు అది అడగమన్నాను. అరగంటకు జవాబు వచ్చింది: 2017. వద్దన్నాను.

వైన్ ధర ఊరికే సగానికి పడిపోదు. దుకాణదారు దాన్ని త్వరగా వదిలించుకోవాలనుకోవడానికి ఏదో ఒక కారణం ఉంటుంది. ఆ కారణం గోదాములో చోటు చాలకపోవడమో, లేబుల్ మారడమో అయితే మనకు మంచి బేరం. కారణం సీసా లోపలే ఉంటే ఎంత తగ్గించినా డబ్బు వృథా. కాబట్టి తగ్గింపు శాతం చూసి తొందరపడకుండా కారణం వెతకాలి. బెంగళూరులో వైన్ కొంటూ, కొన్నిసార్లు నష్టపోతూ నేను నేర్చుకున్న పద్ధతి ఇక్కడ రాస్తున్నాను.

సమస్య: సగం ధరకు ఇంటికే తెచ్చిస్తామంటున్నారు, డబ్బు ముందే పంపమంటున్నారు

ఇది వైన్ సమస్యే కాదు, మోసం. మద్యం రాష్ట్రాల అధికారంలోని అంశం. ఇంటికి పంపే అనుమతి ఒక్కో రాష్ట్రంలో ఒక్కో తీరుగా ఉంటుంది. 2020లో పశ్చిమ బెంగాల్, ఒడిశా అనుమతించాయి కాబట్టి ఇక్కడా ఉంటుందని చాలామంది అనుకుంటారు. కర్ణాటకలో అలాంటి సాధారణ అనుమతి లేదు. మోసగాళ్ళు ఈ అయోమయాన్నే వాడుకుంటారు. పేరున్న దుకాణం పేరు పెట్టి, తమ ఫోను నంబరు ఇస్తారు. మొదట సీసా డబ్బు పంపమంటారు. తర్వాత వయసు నిర్ధారణ కోసమని కార్డు వివరాలు, ఓటీపీ అడుగుతారు. డబ్బు తిరిగి పంపుతామంటూ క్యూఆర్ కోడ్ ఒకటి పంపి పిన్ నొక్కమంటారు. మనకు డబ్బు రావడానికి పిన్ ఎప్పుడూ అవసరం లేదు.

పరిష్కారం: బెంగళూరులో ఆన్‌లైన్ కొనుగోలు అంటే దుకాణం జాబితా ఫోనులో చూసి, సీసా పక్కన పెట్టమని చెప్పి, వెళ్ళి తెచ్చుకోవడం. అంతకు మించి ఎవరు ఏం చెప్పినా నమ్మకండి. ఇప్పటికే డబ్బు పోయి ఉంటే ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. ఎంత త్వరగా చెబితే ఆ డబ్బును దారిలో ఆపగలిగే అవకాశం అంత ఎక్కువ.

వెళ్ళి తెచ్చుకోవలసి రావడం ఇబ్బందిలా కనిపిస్తుంది కానీ, నా దృష్టిలో ఇది వరం. డబ్బు ఇచ్చే ముందు సీసాను చేత్తో పట్టుకొని చూసే వీలు దొరుకుతుంది. కింద చెప్పబోయేవన్నీ ఆ రెండు నిమిషాల్లో చేయగలిగిన పనులే.

సమస్య: వైట్ లేదా రోజే (లేత గులాబీ రంగు) వైన్, బాగా తగ్గించారు, సంవత్సరం పాతది

భారీ తగ్గింపుల్లో నాకు ఎక్కువగా కనిపించే కారణం ఇదే. పాత బియ్యం, పాత చింతపండు, పాత బెల్లం అంటే మనకు గౌరవం. ఆ లెక్కనే వైన్ కూడా పాతబడే కొద్దీ బాగుంటుందని నమ్ముతాం. కొన్ని వైన్ల విషయంలో అది నిజమే. కానీ మార్కెట్లోని వైన్లలో ఎక్కువ భాగం ఒకటి రెండేళ్ళలో తాగడానికి చేసినవి. సోవిన్యోన్ బ్లాన్, షెనిన్ బ్లాన్ అనే వైట్ రకాలు, రోజే వంటివి తాజా పండ్ల వాసన కోసమే తాగుతాం. ఆ వాసన పోయాక మిగిలేది పులుపు, ఆల్కహాలు మాత్రమే.

మా పెళ్ళిరోజు విందుకు ఒకసారి ఆరు షెనిన్ బ్లాన్ సీసాలు సగం ధరకు తెచ్చాను. సంవత్సరం చూడలేదు. మూత తీసి పోస్తే లేత గడ్డి రంగులో ఉండాల్సిన వైన్ పలచని టీ డికాక్షన్ రంగులో ఉంది. కోసి వదిలేసిన ఆపిల్ ముక్క వాసన. అతిథులు మర్యాద కోసం ఒక గుక్క తాగి గ్లాసులు పక్కన పెట్టారు. ఆరు సీసాలూ అంతే. గాలి తగిలి, వయసు మీరి ఆక్సీకరణం చెందిన వైన్ అది. ఆ రోజు నుంచి సంవత్సరం చూడకుండా సీసా ముట్టుకోను.

సంవత్సరాన్ని చదవడంలో ఒక మెలిక ఉంది. లేబుల్ మీదిది ద్రాక్ష కోసిన సంవత్సరం. నాసిక్‌లో, బెంగళూరు దగ్గరి నంది కొండల చుట్టుపక్కల కోత సంవత్సరం మొదటి నెలల్లోనే జరుగుతుంది. ఫ్రాన్సు, ఇటలీల్లో సెప్టెంబరు, అక్టోబరుల్లో. అంటే ఒకే సంవత్సరం వేసి ఉన్నా మన వైన్ ఆరేడు నెలలు పెద్దది. ఆస్ట్రేలియా, చిలీ వైన్లు కూడా మన లెక్కలోకే వస్తాయి.

పరిష్కారం: వైట్, రోజే అయితే కోత జరిగి రెండేళ్ళు దాటని సీసా తీసుకోండి. మామూలు రెడ్ అయితే మూడేళ్ళ వరకు పర్వాలేదు. ఓక్ పీపాల్లో ఉంచిన మంచి రెడ్ ఐదారేళ్ళు కూడా నిలుస్తుంది. సంవత్సరమే వేయని చవక వైన్లు ఉంటాయి. వాటికి వెనక లేబుల్ మీద బాట్లింగ్ నెల వెతకండి. జాబితాలో సంవత్సరం రాయకపోతే దుకాణానికి ఫోన్ చేసి, ఇప్పుడు అరలో ఉన్న సీసాది చెప్పమనండి. చెప్పనంటే ఆ బేరం వదిలేయండి.

సమస్య: సంవత్సరం కొత్తదే, పేరున్న వైనే, అయినా సగం ధర

ఇక్కడ అనుమానించవలసింది ఎండను. మన ఊళ్ళలో వైన్స్ అని బోర్డు పెట్టిన దుకాణంలో అసలైన వైన్‌కే అమ్మకం తక్కువ. విస్కీ, బీరు రోజూ కదులుతాయి. వైన్ సీసాలు పై అరలో, పైకప్పు వేడికి దగ్గరగా, ట్యూబ్‌లైటు ఎదురుగా నెలల తరబడి నిలబడి ఉంటాయి. బెంగళూరులో పరిస్థితి కాస్త నయమే అయినా ఏప్రిల్‌లో మధ్యాహ్నం 35 డిగ్రీలు ఇక్కడా చూస్తున్నాం. వైన్‌కు అనువైన చోటు 12 నుంచి 14 డిగ్రీల దగ్గర ఉంటుంది. వేడికి వైన్ వ్యాకోచించి కార్కును పైకి నెడుతుంది. చల్లబడినప్పుడు లోపలికి గాలి పీల్చుకుంటుంది. అలా కొన్నిసార్లు జరిగితే కొత్త వైనే పాతదైపోతుంది.

దుకాణంలో సీసాను వెలుతురుకు ఎత్తి పట్టుకోండి. వైన్ సీసా మెడ దాకా ఉండాలి. భుజం వరకు దిగి ఉంటే కారిందన్నమాట. మూత పైన వేలితో తడిమితే కార్కు ఉబ్బెత్తుగా తగలకూడదు. మూత చుట్టూ జిగట, లేబుల్ మీద కారిన మరక ఉంటే వద్దు. తెల్లని గాజు సీసాలో వైట్ లేదా రోజే ఉంటే రంగు చూడండి. గోధుమ ఛాయ కనిపిస్తే తిరిగి ఇచ్చేయండి. అలాంటి పారదర్శక సీసాలను ట్యూబ్‌లైటు వెలుగు కూడా చెడగొడుతుంది, ఉడికిన క్యాబేజీ వాసన వస్తుంది. అందుకే ముందు వరుసలోది కాకుండా అట్టపెట్టెలోంచి ఒకటి తీసి ఇవ్వమని అడుగుతాను. కార్కు సీసాలు పడుకోబెట్టి ఉండాలి, లేకపోతే కార్కు ఎండిపోతుంది. తిప్పి తీసే లోహపు మూతకు, అంటే స్క్రూ క్యాప్‌కు, ఆ బాధ లేదు. వేసవిలో తగ్గింపు సీసా కొనవలసి వస్తే నేను స్క్రూ క్యాప్ వైపే మొగ్గుతాను.

సమస్య: కొట్టేసి చూపిన పాత ధర మరీ ఎక్కువగా ఉంది

3,000 కొట్టేసి 1,500 అని రాస్తారు. ఆ 3,000 ఎక్కడిదో చూడండి. సీసా మీద ముద్రించిన ఎమ్మార్పీ 1,700 అయితే నిజమైన తగ్గింపు 200 రూపాయలే. ఎక్సైజ్ పన్నులు వేరు కాబట్టి ఎమ్మార్పీ రాష్ట్రానికో రకంగా ఉంటుంది. గోవా ధరతో, మహారాష్ట్ర ధరతో పోల్చి లాభం లేదు.

విదేశీ వైన్ల ధర గురించి ఒక మాట. వీటిలో ఎక్కువ వాటి మీద దిగుమతి సుంకం 150 శాతం వరకు ఉంటూ వచ్చింది. అంటే మనం ఇచ్చే డబ్బులో పెద్ద వాటా వైన్‌ది కాదు, పన్నులది. 1,500 రూపాయల విదేశీ వైన్ సొంత దేశంలో చాలా సాదా వైన్ అయి ఉంటుంది. అదే డబ్బుకు మన దేశపు మంచి రిజర్వ్ (మేలు రకం) రెడ్ వస్తుంది. ఆస్ట్రేలియాతో వాణిజ్య ఒప్పందం 2022 డిసెంబరు 29 నుంచి అమల్లోకి వచ్చాక అక్కడి ఖరీదైన సీసాల మీద సుంకం తగ్గుతూ వస్తోంది. కాబట్టి ఆస్ట్రేలియా వైన్ ధర కొంత తగ్గితే అనుమానించనక్కర్లేదు.

సమస్య: లేబుల్ మీద వేరే రాష్ట్రం పేరు, లేదా రక్షణ సిబ్బందికి మాత్రమే అని ఉంది

పక్కదారి పట్టిన సరుకు. ఇక్కడ అమ్మే సీసా మీద కర్ణాటకలో అమ్మకానికి అని, మూత మీద ఎక్సైజ్ లేబుల్ ఉండాలి. లేకపోతే ముట్టుకోవద్దు. విమానాశ్రయం నుంచి తెచ్చానంటూ తెలిసినవాళ్ళు అమ్మే సీసాలూ అంతే.

సమస్య: 92 పాయింట్లు, బంగారు పతకం అని రాసి ఉంది, అయినా చవక

వైన్ విమర్శకులు వందకు వేసే ఈ పాయింట్లు ఒక కోతకు ఇస్తారు, పేరుకు కాదు. 2019కి వచ్చిన పతకాన్ని 2022 సీసా పక్కన చూపితే దానికి విలువ లేదు.

సమస్య: తెచ్చేశాం, మూత తీశాక ఏదో తేడాగా ఉంది

తడిసిన అట్టపెట్టె, బూజు పట్టిన గుడ్డ వాసన వస్తే అది కార్కులోని టీసీఏ అనే పదార్థం పని. ఎంతసేపు ఉంచినా పోదు. మళ్ళీ కార్కు బిగించి బిల్లుతో సహా దుకాణానికి తీసుకెళ్ళండి. సగం తాగి తీసుకెళితే ఎవరూ వినరు. వెనిగర్ లేదా గోళ్ళరంగు వాసన వస్తే బాక్టీరియా చెడగొట్టింది, దానికీ మందు లేదు. కుళ్ళిన గుడ్డు లేదా కాల్చిన అగ్గిపుల్ల వాసనైతే కంగారు పడవద్దు. గాలి చాలక వచ్చే వాసన అది. వెడల్పాటి పాత్రలోకి పోసి అరగంట ఉంచితే చాలాసార్లు పోతుంది.

అడుగున పంచదార పలుకుల్లాంటివి కనిపిస్తే పారేయకండి. చింతపండుకు పులుపునిచ్చే టార్టారిక్ ఆమ్లమే ద్రాక్షలోనూ ఉంటుంది. చల్లదనానికి దాని లవణం స్ఫటికాలుగా దిగుతుంది. హాని లేదు, నెమ్మదిగా వంచుకుంటే చాలు. గాజుపెంకులనుకొని మంచి వైన్‌ను సింకులో పారబోసిన ఇల్లు నాకు తెలుసు, ఇప్పటికీ తలచుకుంటే ప్రాణం ఉసూరుమంటుంది.

మరి నిజంగా కొనదగిన తగ్గింపు ఎలా ఉంటుంది?

కొత్త కోత రావడంతో ముందటి ఏడాది రెడ్‌ను ఖాళీ చేయడం. లేబుల్ రూపం మారడం. దిగుమతిదారు ఆ వైన్ తేవడం మానేయడం. ఇవన్నీ దుకాణదారును అడిగితే చెబుతాడు, కారణం మంచిదైతే దాచవలసిన పని లేదు కదా. మన దేశపు ఓక్ రెడ్లు ఇలా తగ్గినప్పుడు నేను వదలను. నంది కొండల కింద గ్రోవర్ తోటల రెడ్లు, హంపి కొండల్లో మన తెలుగు దంపతులు చిగురుపాటి కృష్ణప్రసాద్, ఉమ పెంచిన కృష్మ తోటల కాబర్నే రెడ్ వంటివి ఒకటి రెండేళ్ళు ఆగితే నష్టపోయేవి కావు. కాకపోతే అవి కూడా చల్లని చోట ఉంచినవై ఉండాలి.

ఎంత నచ్చినా మొదట ఒక్క సీసానే కొనండి. ఆ సాయంత్రమే మూత తీయండి. బాగుంటే మర్నాడు వెళ్ళి, వెనక లేబుల్ మీద అదే బ్యాచ్ నంబరు ఉన్నవి మరికొన్ని తెచ్చుకోండి. ఈలోగా అయిపోతాయేమోనన్న భయంతోనే నేను ఆ ఆరు సీసాలు ఒకేసారి కొన్నాను.

మా మరిది ఆ ఫ్రెంచి వైట్ వదిలేసి, అదే దుకాణంలో 30 శాతం తగ్గించిన నంది కొండల రెడ్ ఒకటి తెచ్చాడు. ముందటి కోతది, మెడ దాకా నిండుగా ఉంది, స్క్రూ క్యాప్. శనివారం రాత్రి గోంగూర మాంసంతో తాగాం. ఆదివారం దుకాణం తెరిచే వేళకు ఇంకో మూడింటి కోసం వెళ్ళాడు, రెండు దొరికాయి.